ఆ ముక్క మళ్ళీ చదువు

శుక్రవారం పొద్దున్నే నా భార్య ఫోను మోగింది. ఆవిడ పోయి అప్పటికి ఆరు నెలలు దాటింది.

"దమయంతి గారూ! మీ 'తీరిక' వచ్చేసింది. మీ కోసమే రాసిన 'ఏటి ఒడ్డు ఇల్లు' కొత్త భాగం మీ కోసం ఎదురుచూస్తోంది." తెర మీద ఆ అక్షరాలు, పక్కన ఒక మల్లెమొగ్గ బొమ్మ.

చచ్చిపోయిన మనిషికి వారం వారం కథ పంపే సిగ్గులేని పత్రిక ఏదో చూద్దామనుకున్నాను. ఆపెయ్యడానికే తెరిచాను. ఆపే చోటు ఎక్కడా కనపడలేదు. కథ కనపడింది.

నేను రైల్వేలో గేటుమేన్‌గా చేసి దిగిపోయినవాణ్ణి. పలాసకి ఇవతల, జీడితోటల మధ్య గేటు నాది. చదువు ఊరి బడిలో పదో తరగతి. గేటు వేశాక పెళ్ళివారి కారు వచ్చి హారన్ కొట్టినా, ఎమ్మెల్యే మనిషి వచ్చి అరిచినా, రైలు దాటేదాకా తీసేవాణ్ణి కాదు. ఇంట్లో కూడా నేనంతేనని దమయంతి అనేది. అంటే అననీ అనుకునేవాణ్ణి.

ఆవిడ జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేసేది. పిక్కలోంచి కారే రసం చర్మాన్ని తినేస్తుంది. బూడిద రాసుకుని కొట్టినా వేళ్ళు నల్లబడి పొరలు పొరలుగా ఊడతాయి. చివరి రెండేళ్ళూ మాత్రం ఆవిడ వేళ్ళు బాగుపడ్డాయి. ఏదో మందు రాస్తోందనుకున్నాను. అడగలేదు.

ఆవిడకి ఉన్న వ్యసనమల్లా ఆ వారపత్రిక. పుస్తకంగా వచ్చే రోజుల్లో సీరియల్ పేజీలు చింపి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టి అటక మీద పెట్టేది. తర్వాత అచ్చు ఆపేశారు. చందా కట్టినవాళ్ళకి ఫోనులోనే అన్నారు. ఈవిడ మూడేళ్ళకి ఒక్కసారే కట్టేసింది. ఆ చందా ఆవిడకంటే ఎక్కువ కాలం బతికింది.

చివరికి ఆవిడ కిడ్నీలు పోయాయి. మా వైపు అదేం కొత్త కాదు. డయాలసిస్ మంచం మీద కూడా ఫోను పట్టుకునే ఉండేదని నర్సు చెప్పింది. నేను బయట బెంచీ మీద కూర్చునేవాణ్ణి.

సరే, కథ. మొదటి భాగం నుంచీ అందులోనే ఉంది. నీలవేణి అనే ఆవిడ, భాస్కరం అనే మొగుడు, ఏటి ఒడ్డున ఇల్లు. మొదట్లో ఆ భాస్కరానికి రంగూ లేదు, రుచీ లేదు. కొన్ని భాగాలయ్యాక వాడు గొంతు సవరించుకోవడం మొదలెట్టాడు. 'వద్దు' అనే ముందు ప్రతిసారీ సవరించుకుంటాడు. ఇంకొన్ని భాగాలకి అన్నం తిన్నాక కంచంలో వేలితో గీత గీయడం వచ్చింది. తర్వాత గొడుగు. ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా గొడుగు పట్టుకునే గడప దాటతాడు. బజారుకెళ్ళి, పెళ్ళాన్ని ఏ రంగు కావాలో అడక్కుండా చీర తెచ్చి మంచం మీద పడేసి "నీకిదే బాగుంటుంది" అంటాడు.

ఫోను పక్కన పెట్టాను. గొంతు సవరించుకున్నాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. నా గొడుగు తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

ఎవడో నన్ను చూసి రాస్తున్నాడు. మొదట అలా అనుకున్నాను. ఫోను జేబులో వేసుకుని పార్వతీశం కాఫీ హోటలుకి వెళ్ళాను. వాడి కోడలు రేవతి గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇదే పత్రిక చదువుతుందని తెలుసు.

"ఏంటి బాబాయ్, మీరూ సీరియల్లో పడ్డారా?" అంది.

"మీ కథలో భాస్కరం ఎలాంటివాడు?"

"బంగారం. వంట చేస్తాడు. మొన్న నీలవేణి కాళ్ళకి పసుపు రాశాడు."

బాండీలో గారెలు తిప్పుతూ పార్వతీశం అందుకున్నాడు. "కథలోనైనా చెయ్యనీరా. ఇంట్లో ఎలాగూ కాఫీ నేనే పెట్టాలి."

రేవతి ఫోను నా ముందు పెట్టింది. పేరు అదే, ఏరు అదే, ఇల్లు అదే. మనుషులు వేరు. పై అంచున కందిగింజంత గాజుకన్ను చూపించింది.

"ఎవరి కథ వాళ్ళదే బాబాయ్. మనం చదువుతుంటే ఇది మన కళ్ళని చూస్తాది. మన చూపు ఎక్కడ ఆగితే, ఎక్కడికి తిరిగొస్తే, వచ్చే వారం అది పెంచుతాది. దాటేసినవి తీసేస్తాది. నేను వంట దగ్గర ఆగాను, మా భాస్కరం వంటవాడయ్యాడు."

"మనిషెవడూ రాయడా?"

"మొదటి భాగం రాస్తాడంట. తర్వాత మన కళ్ళే."

"అయితే మా భాస్కరాన్ని ఎవరు చేసినట్టు?"

రేవతి నాకేసి చూసి, తెర కేసి చూసి, నెమ్మదిగా చెప్పింది. "పిన్నే కదా."

ఆ పిల్ల చేతే పత్రికవాళ్ళకి ఒక ఫిర్యాదు పెట్టించాను. మనిషి పోయింది, ఆపండి అని. పైవాళ్ళకి పంపుతామన్నారు, చూస్తామన్నారు. ఎవరూ ఏమీ చూడలేదు.

ఇంటికొచ్చి మిగతా భాగాలు చదివాను. నీలవేణి ఒక రోజు బస్టాండుకి వెళ్ళి ఆగి ఉన్న బస్సు కేసి చూస్తుంది. ఊరికే చూస్తుంది. తర్వాతి భాగంలో మళ్ళీ వెళ్తుంది. కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి దించేస్తుంది. తర్వాతి భాగంలో పొయ్యి మీద పాలు పెట్టి, తలుపు దగ్గరగా వేసి, వెళ్ళి బస్సెక్కి కూర్చుంటుంది. బస్సు కదులుతుంది. దమయంతి చదివిన ఆఖరి భాగం అదే. చదివేదాకా తర్వాతది రాయరట. అందుకే ఆ 'కొత్త భాగం' ఆరు నెలలుగా శుక్రవారం శుక్రవారం తలుపు కొడుతూ ఉంది.

నన్ను అచ్చు గుద్దినట్టు ఒక మొగుణ్ణి తయారు చేసుకుంది. తయారు చేసుకుని, వాణ్ణి వదిలేసి వెళ్ళిపోయింది. ముప్ఫయ్యేళ్ళు నా పక్కన పడుకుని నోటితో ఒక్క మాట అనలేదు. కళ్ళతో వెళ్ళిపోయింది.

గోడ మీద ఉన్న ఆవిడ ఫొటో దించి బియ్యం డబ్బా వెనక పెట్టాను. సంవత్సరీకం తిథి చూడమని పంతులుకి చెప్పి ఉన్నాను. ఇక చూడొద్దని కబురు పంపాను. పంతులు ఎందుకని అడిగాడు. నా ఇష్టం అన్నాను.

కోపం వచ్చిన మనిషి అక్కడితో ఫోను బీరువాలో పడేసి ఊరుకోవాలి. నేను ఊరుకోలేదు. మర్నాడు ఆ ఆగిపోయిన భాగం తెరిచాను. ఆ పై శుక్రవారం ఇంకొకటి వచ్చింది. భాస్కరం గొడుగు పట్టుకుని బస్టాండ్లన్నీ వెతకడం మొదలెట్టాడు. టిక్కెట్టు కొట్టేవాళ్ళని అడుగుతున్నాడు. ఏ ఊళ్ళోనో నీలవేణి కనపడింది, వీపు మాత్రమే. మరో వారం ఆవిడ ఆగింది. మరో వారం వెనక్కి తిరిగి చూసింది. ఆ పొద్దున్న నేను పార్వతీశం దగ్గర రెండిడ్లీ ఎక్కువ తిన్నాను. ఎందుకు తిన్నానో నాకే అర్థం కాలేదు.

అప్పుడొచ్చింది ఫోను. నా ఫోనుకి. "'తీరిక' నుంచి మాట్లాడుతున్నాం. దమయంతి గారి వారసులాండీ? ఒకసారి విశాఖ రాగలరా?"

అద్దాల మేడ. నాలుగో అంతస్తులో చల్లగా, ఆసుపత్రిలాగా ఉంది. అచ్చుయంత్రం లేదు, సిరా వాసన లేదు. వరసగా తెరలు. మృదుల అనే ఒక అమ్మాయి, ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. జలుబు.

"కూర్చోండి అంకుల్."

"నేను నీకు అంకుల్ని కాను."

"సారీ. సింహాచలం గారూ, కూర్చోండి."

కూర్చున్నాను. తెర మీద 'ఏటి ఒడ్డు ఇల్లు' పేజీ వేసింది, బస్సెక్కే భాగం. అక్షరాల మీద ఎర్రటి మచ్చలు. కొన్ని చోట్ల పలచగా, కొన్ని చోట్ల చిక్కగా. బస్సెక్కే పేరా మొత్తం నెత్తురు ఒలికినట్టుంది.

"చూపు ఆగిన చోట ఎరుపు. తిరిగొచ్చిన కొద్దీ చిక్కబడుతుంది" అంది. "ఈ పేరా మీదికి ఆవిడ ఎన్నిసార్లు తిరిగొచ్చారో చూడండి. ఇంత స్పష్టంగా తనకేం కావాలో చెప్పే చూపు మాకు ఇంకొకటి దొరకలేదు. ఆవిడ మా ఉత్తమ పాఠకురాలు."

"ఇంట్లో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు."

ఆ పిల్ల మళ్ళీ ముక్కు తుడుచుకుంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. కొత్తగా చందా కట్టినవాళ్ళ ఇష్టాలు వీళ్ళకి తెలియవు. అందుకని మొదటి కొన్ని వారాలు వాళ్ళ కథలని దమయంతి చూపుతో నడిపిస్తారు. అలా నడిపించిన కథని మధ్యలో మానేసినవాళ్ళు లేరట. వేలమంది ఆడవాళ్ళు.

"అంటే వేలమంది ఇళ్ళల్లో నేనున్నానా?"

"మీరు కాదండీ. భాస్కరం."

"గొంతు సవరించుకుంటాడా?"

ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. "చాలామందికి నచ్చిందండీ అది."

"బస్సు?"

"బస్సు కూడా."

"చదివి, ఎవరైనా నిజంగా బస్సెక్కారా?"

"అది మాకు తెలియదు. చదివాక ఏం చేస్తారన్నది మా చేతిలో లేదు."

చందా గడువు దాటాక పోయిన మనిషి చూపుని వాడుకోవాలంటే వారసుడి సంతకం కావాలని చట్టం. అది లేకుండా నకలు తీసి దాచడానికి కూడా వీల్లేదు. తెర మీద రెండు గళ్ళు చూపించింది. ఒకటి 'ఉంచండి', రెండోది 'చెరిపెయ్యండి'. ఉంచితే ఆ చూపు వాళ్ళ దగ్గర ఉంటుంది, ఎప్పటికీ. చెరిపితే కథ అక్కడితో ఆగుతుంది, దమయంతి చూపిన దారంతా పోతుంది.

"ఇంకో విషయం" అంది. "ఆవిడ ఫోనులో మీరు చదువుతున్నారు కదా. ఆ చూపు కలుషితమవుతోంది. దయచేసి చదవకండి."

"కలుషితమంటే?"

"భాస్కరం బస్టాండ్లలో వెతకడం ఉంది కదా... అది ఆవిడ కాదు. మీరు."

"నీలవేణి వెనక్కి తిరిగి చూసింది."

"అది కూడా మీరేనండీ."

కాసేపు ఆ తెరలూ ఆ చల్లదనమూ నాకు తెలియలేదు. రెండిడ్లీ గుర్తొచ్చాయి.

"ఆవిడ నన్ను వదిలేద్దామనుకుందా?" అన్నాను. "ఆ ఒక్కటీ చెప్పు. సంతకం పెట్టి పోతాను."

మృదుల మొట్టమొదటిసారి నా మొహం కేసి సరిగ్గా చూసింది. "కన్ను ఎక్కడ ఆగిందో తెలుస్తుందండీ నాకు. ఎందుకు ఆగిందో తెలియదు." అని, మళ్ళీ తెర మీదికి వంగింది. "ఆవిడ ప్రతి భాగం రెండుసార్లు చదివేవారు. శుక్రవారం ఒకసారి, మర్నాడు ఒకసారి. ఈ ఎరుపంతా రెండోసారిది. మొదటిసారి చదివినప్పుడు నిదానంగా, ఎక్కడా ఆగకుండా పోయింది చూపు. ఒక్క చోట తప్ప."

వేలు పెట్టి చూపించింది. 'పొయ్యి మీద పాలు పెట్టింది' అన్న వాక్యం మీద ఒకే ఒక్క మచ్చ.

"ఇక్కడ చాలాసేపు ఆగింది. అటూ ఇటూ కదల్లేదు. ఇలాంటివి మేం లెక్కలోకి తీసుకోం. కదలని చూపంటే నిద్ర అని యంత్రం కొట్టేస్తుంది. శుక్రవారం ఆవిడ ఎక్కడ చదివేవారు?"

"డయాలసిస్‌లో."

"నిద్రపోయేవారా?"

నాకు తెలియదు. నేను బయట బెంచీ మీద ఉండేవాణ్ణి.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ బస్సు భాగం తెరిచాను. చదవొద్దంది కదా, చదవలేదు. ఆ పాల వాక్యం ఒక్కటే చూస్తూ కూర్చున్నాను. విజయనగరం దాటింది తెలియలేదు. అందులో ఏమీ లేదు. పొయ్యి, గిన్నె, పాలు.

మర్నాడు జీడి ఫేక్టరీకి వెళ్ళాను. ఆవిడ అక్కడ ఎవరితోనైనా ఏమైనా అని ఉంటుంది. ఆడవాళ్ళు ఆడవాళ్ళకి చెప్పుకుంటారు. భోజనాల వేళ. షెడ్డులో ఘాటు కళ్ళలో పొడుస్తోంది. దమయంతిని అక్క వరసలో 'అప్పా' అని పిలిచే గున్నమ్మ సత్తుగిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేవబోయింది.

"ఏటి బావా, ఇలగొచ్చినావు? గొడుగు కూడా తెచ్చినావే! వాన నేదు గదా."

పక్కనున్న ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. భుజాలు కదులుతున్నాయి.

"మీ అప్ప నన్ను వదిలి వెళ్ళిపోతానని ఎప్పుడైనా అందా?" అన్నాను.

గున్నమ్మ నోట్లో ముద్ద ఆగిపోయింది. "ఏటడగతన్నావు బావా? ఎవులన్నారు నీకా మాట?"

ఫోను తీసి చెప్పాను. బస్సు సంగతి, ఎర్ర మచ్చల సంగతి, ఆవిడ మళ్ళీ మళ్ళీ ఆ పేరాకి తిరిగి రావడం.

గున్నమ్మ ముద్ద మింగి, నీళ్ళు తాగి, నవ్వింది. ఆ నవ్వు చూసి చేతిలో గొడుగుతో ఒక్కటి వేద్దామనిపించింది.

"అది అప్ప కాదు బావా. నేను."

"నువ్వేంటి?"

"అప్ప శనోరం శనోరం మాకు సదివీది కదా. పైకి సదివీది, మేం కాయ కొడతా ఇనీవోళ్ళం. ఏ ముక్క నచ్చితే ఆ ముక్క 'మళ్ళీ సదవవే అప్పా' అనీవోళ్ళం. ఆ బస్సు ముక్క నేనడిగినాను. ఎన్నిసార్లడిగినానో నాకే తెల్దు."

పుస్తకం ఉన్న రోజుల నుంచీ ఆ షెడ్డులో అదే ఆనవాయితీ అట. ఒకరు చదవాలి, మిగతావాళ్ళు కొట్టాలి. చదివేదాని పని ఆగిపోతుంది కనక తలా ఒక దోసెడు జీడిపప్పు దాని గంపలో పోస్తారు. సాయంత్రం మేస్త్రీ తూకం వేస్తే సరిపోతుంది.

"ఫోనొచ్చినాక మరీ కట్టం అయిపోనాది" అని గున్నమ్మ తన పది వేళ్ళూ నా మొహం ముందు చాపింది. కొనల మీద గీతలు లేవు. నున్నగా, నల్లగా ఉన్నాయి. "మా యేళ్ళకి ఫోను పలకదు. జీడి తినేసినాది. అందుకని అప్పని కాయ ముట్టనిచ్చీవోళ్ళం కాదు. మా అందరికీ ఆ యేలొక్కటీ బాగుండాల కదా."

మందు రాసుకోలేదు ఆవిడ.

"ఎవులికి కావలసింది ఆళ్ళడిగీవోళ్ళు" అంది గున్నమ్మ. "తవిటమ్మకి చీరలు. ఆ మూల ముసిల్దానికి ఏరు. నాకు బస్సు. మా ఆడు తాగొచ్చి నా జడ గుమ్మానికి కట్టీవోడు, నీకు తెల్దు. నీలవేణి బస్సు కేసి సూసిందని అప్ప సదివితే, మళ్ళీ సదవమన్నాను. వొచ్చే వారం కాలెట్టింది. మళ్ళీ సదవమన్నాను. వొచ్చే వారం ఎక్కేసినాది. ఆ వారమే నేనూ ఎక్కేసినాను. అమ్మోలూరు నడిసెళ్ళొచ్చు. అయినా బస్సే ఎక్కినాను."

చదివి ఎవరైనా బస్సెక్కారా అని విశాఖలో అడిగాను. ఎక్కినావిడ నా ముందు కూర్చుని ఎండుచేప నంజుకుంటోంది.

"మరి భాస్కరం? వాణ్ణి కూడా నువ్వే చేశావా?"

గున్నమ్మ తలొంచుకుంది. ఆ మూల ముసలావిడ అందుకుంది. "గొంతు సవరించినాడని కతలో ఒకపాలి వొచ్చినాది బావూ. దమయంతి సదవడం ఆపీసి, నీ లాగ సవరించి సూపించినాది. పొట్ట సెక్కలయిపోనాది మాకు. ఇంకోపాలి, ఇంకోపాలి అన్నాం. అప్పటి కాడనుంచీ ఆడు సవరిస్తానే ఉన్నాడు."

"నన్ను చూసి షెడ్డంతా నవ్విందన్నమాట."

"నవ్వినాం" అంది గున్నమ్మ.

"ఎన్నాళ్ళు?"

"అప్ప ఉన్నన్నాళ్ళూ."

లేచి వెళ్ళిపోవలసిన మనిషిని. కాని ఒకటి మిగిలిపోయింది. "బస్సెక్కే భాగం చదివిన రోజు మీ అప్ప తనంతట తాను ఏమైనా అందా?"

గున్నమ్మ ఆలోచించింది. "మేం సప్పట్లు కొట్టినాం. అప్ప కొట్టలేదు. 'పాలు పొయ్యి మీదే ఒదిలేసినాది. ఆడు సూడడు' అన్నాది. అంతే."

"ఆడు సూడడు అందా?"

"ఆఁ."

"ఎలా అంది? తిట్టినట్టా? బెంగగానా?"

"నాకేటి తెల్సు బావా. ఫోను కేసి సూసి అన్నాది. నా కేసి సూసి అనలేదు గదా, మొకం కనిపెట్టడానికి."

ఇంటికొచ్చాను. పొయ్యి దగ్గర నిలబడ్డాను. వెళ్ళిపోయింది ఆవిడ కాదు, గున్నమ్మ. నన్ను తయారు చేసింది ఆవిడ ఒక్కర్తే కాదు, షెడ్డు షెడ్డంతా. తిరిగి చూసింది నీలవేణి కాదు, నేను. మరి ఇందులో దమయంతి ఎక్కడుంది? ఒక్క మచ్చ. అది కూడా నిద్రేమో. చూడడు అంది. వెళ్ళిపోతే పోయింది, వీడు గిన్నె కూడా చూసుకోలేడనా? ఇంత బతుకూ చూడలేదు, ఇప్పుడేం చూస్తాడనా? ఎటు తిప్పినా సరిపోతోంది. ఏ వైపూ గట్టిగా నిలబడ్డం లేదు.

మృదులకి ఫోను చేసి షెడ్డు సంగతి చెప్పాను.

"పైకి చదివేవారా?" అంది. "మేం మాట వినమండీ. వినకూడదని చట్టం. చూపు ఒక్కటే తీసుకుంటాం. ఒక చందాకి ఒక మనిషనే మా లెక్క."

"ఒక పుస్తకాన్ని వీధి వీధంతా చదివే ఊళ్ళు మావి. నీ లెక్క తప్పు."

"తప్పే. అయినా పనిచేస్తోంది కదండీ" అంది, మెల్లగా. "సంతకం..."

"పెట్టను. ఉంచనూ ఉంచను, చెరపనూ చెరపను."

"అలా అయితే చందా అయిపోయేదాకా అలాగే ఉంటుంది. మీరు మాత్రం అందులో చదవకండి, ప్లీజ్. కొత్త పాఠకులందరికీ దాంట్లోంచే వెళ్తోంది. ఇప్పటికే అందరి కథల్లోనూ భాస్కరం గొడుగేసుకుని బస్టాండ్లు తిరుగుతున్నాడు. ఇంకా చదివితే మొత్తం పాడైపోతుంది."

"పాడు చెయ్యడానికే చదువుతాను" అని పెట్టేశాను.

శుక్రవారం ఫోను మోగింది. బియ్యం డబ్బా వెనకనుంచి ఫొటో తీసి తుడిచాను. గోడకి పెట్టలేదు. బల్ల మీద పెట్టాను. ఏమీ తేలకుండా గోడకెక్కించడం నావల్ల కాదు.

మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాను. ఒక గంప బోర్లించి దాని మీద కూర్చున్నాను. ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"నా వేలికి ఫోను పలుకుతుంది. చదువుతాను" అన్నాను. "పిక్కలు కొట్టుకోండి. నాకు పప్పు పొయ్యక్కర్లేదు."

గున్నమ్మ ఆశ్చర్యంగా చూసి, సుత్తి అందుకుంది. తక్కినవాళ్ళూ అందుకున్నారు. భాగం తెరిచాను. అందరూ వింటున్నారు. అలవాటు. గొంతు సవరించుకున్నాను.

షెడ్డు పేలిపోయింది. తవిటమ్మ నవ్వి నవ్వి పిక్కల గుట్ట మీద పడిపోయింది. ముసలావిడ పళ్ళులేని నోరు కొంగుతో మూసుకుంది. మేస్త్రీ వచ్చి తొంగిచూసి వెళ్ళాడు. నేను కదల్లేదు. గేటు వేసి, రైలు మొత్తం దాటేదాకా ఎలా కూర్చునేవాణ్ణో అలాగే కూర్చున్నాను. పెద్ద బండే. ఆఖరి పెట్టె కూడా దాటాక చదవడం మొదలెట్టాను.

భాస్కరం వెతికి వెతికి, నీలవేణి అందక ఏటి ఒడ్డు ఇంటికి తిరిగొచ్చాడు. మళ్ళీ సదువు అని ఎవరో అన్నారు. చదివాను. గొడుగు ముడిచాడు. తలుపు తోశాడు. అది కూడా మళ్ళీ సదువన్నారు. చదివాను. ఒకరు చెప్పినచోటికి నా కళ్ళు వెళ్తున్నాయి, ఇంకొకరు చెప్పినచోటికి వస్తున్నాయి. పైనున్న గాజుకన్ను అన్నీ రాసుకుంటోంది.

తర్వాతి వాక్యం. 'పొయ్యి మీద పాలగిన్నె అలాగే ఉంది.'

అది రైల్లో నేను చూసిన చూపుకే వచ్చింది. నాకు తెలుసు. అయినా అక్కడ ఆగిపోయాను. గిన్నె అడుగు మాడి ఉంటుంది. పాలు ఎండి గోధుమరంగు అట్టుకట్టి ఉంటాయి. ఎవరూ మళ్ళీ సదువు అనలేదు. ఎవరూ అడక్కుండానే నా చూపు అక్కడ పడి, అటూ ఇటూ కదలకుండా ఉండిపోయింది. సుత్తుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది.

"పడుకున్నావేటి బావా?" అంది గున్నమ్మ.

"లేదు" అన్నాను. "మెలకువగానే ఉన్నాను."